ఛాయాచిత్రం నుండి పెన్సిలు చిత్రానికి: నెల్లూరు తీర యానాదుల ముఖచిత్రణ – ఒక పరిశీలన

కీలకపదాలు: ఛాయాచిత్రం, పెన్సిలు చిత్రణ, యానాదులు, థర్‌స్టన్, గళ్ళ పద్ధతి, ఛాయాభేదం.

ఛాయాచిత్రకళ పుట్టుకకు కారణం పెన్సిలు వైఫల్యం. 1833లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున కెమెరా లూసిడా సాయంతో దృశ్యాలు గీయబోయి విఫలమైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్, చేతికి లొంగని బొమ్మను కాగితమే స్వయంగా పట్టుకొనే ఉపాయం కోసం అన్వేషించాడు. 1844 నుండి వెలువడిన తన ఛాయాచిత్రాల గ్రంథానికి ‘ప్రకృతి పెన్సిలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. నేడు ప్రయాణం తిరగబడింది. ఛాయాచిత్రాన్ని ఎదుట పెట్టుకొని పెన్సిలుతో గీయడం చిత్రకళాభ్యాసంలో సర్వసాధారణం. ఈ తిరుగు ప్రయాణంలో కెమెరా చేసిన పొరపాట్లు కూడా యథార్థాలుగా కాగితం మీదికి దిగుతాయి. నెల్లూరు తీరప్రాంతపు యానాదుల ముఖాలను చిత్రించే సందర్భంలో ఇది కేవలం సాంకేతిక సమస్యగా మిగలదు.

1885 నుండి 1908 వరకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సహకారంతో దక్షిణ భారత కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు ప్రకటించాడు. ఏడవ సంపుటంలో యానాదుల వివరణ ఉంది. రాపిడితో నిప్పు పుట్టిస్తున్న యానాదుల ఛాయాచిత్రమూ ఉంది. తెగల అధ్యయనంలో ఈ సంపుటాలు నేటికీ ఆకరాలే. అచ్చులో మసకబారిన ఇటువంటి ఛాయాచిత్రాన్ని పరిశోధకుడు స్పష్టమైన పెన్సిలు చిత్రంగా మార్చుకోదలిస్తే మొదట ఆశ్రయించేది గళ్ళ పద్ధతినే.

ఛాయాచిత్రం మీద సమచదరాలు గీసి, కాగితం మీద అదే నిష్పత్తిలో పెద్ద చదరాలు గీసి, ఒక్కొక్క గడిలోని రేఖను దాని జతగడిలోకి చేర్చడం ఈ పద్ధతి. సినిమా హోర్డింగులు, ఊరి గోడల మీద నాయకుల బొమ్మలు వేసినవారికి అన్నం పెట్టిన విద్య ఇది. దీనిని చిన్నచూపు చూడనక్కరలేదు. అయితే మానవశాస్త్రంలో ఈ గళ్ళకు మరో చరిత్ర ఉంది. 1869లో జాన్ లాంప్రే రెండేసి అంగుళాల చదరాలుగా దారాలు కట్టిన చట్రం ముందు మనుషులను నగ్నంగా నిలబెట్టి ఫోటోలు తీసే పద్ధతిని ప్రతిపాదించాడు. థర్‌స్టన్ స్వయంగా తలల, ముక్కుల కొలతలు తీసినవాడు. కొలత కోసం నిలబెట్టిన ముఖాన్ని మళ్ళీ గళ్ళలో కొలిచి గీస్తే నిష్పత్తి దక్కుతుంది, కాని కెమెరా ఎదుట ఆ మనిషి బిగుసుకుపోయిన తీరు కూడా దానితోపాటే వస్తుంది. కనుక గళ్ళను కళ్ళు, ముక్కు, నోరు, గడ్డం స్థానాలు కుదిరేవరకే వాడి, ఆపైన వాటిని చెరిపివేయడం మేలు. పెదవుల అంచును, కంటిరెప్ప బరువును గడి నిర్ణయించలేదు.

అసలు చిక్కు ఛాయల దగ్గర ఉంది. ఆ కాలంలో వాడుకలో ఉన్న ఛాయాచిత్ర ప్లేట్లలో చాలావాటికి నీలికాంతి అతిగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. ఫలితంగా ఆకాశం తెల్లగా వెలిసిపోయేది. ఎరుపు, పసుపు కాంతులను ప్రతిఫలించే గోధుమవన్నె చర్మం కంటికి కనిపించేదానికంటే నల్లగా పడేది. అంటే ఛాయాచిత్రంలోని యానాది నలుపులో కొంత అతని మేనిది కాదు, ప్లేటుది. ఉన్న నలుపును ఉన్నట్లు 6బి పెన్సిలుతో నింపిన చిత్రకారుడు నిజాయితీగా పనిచేశాననే అనుకుంటాడు. నిజానికి అతడు నకలు చేసింది ఒక రసాయనపు పక్షపాతాన్ని.

దీనికి విరుగుడు కూడా పెన్సిలులోనే ఉంది. గ్రాఫైటు ఎంత ఒత్తినా ఫోటో కాగితపు గాఢమైన నలుపును అందుకోలేదు, పైగా మెరుస్తుంది. ఈ పరిమితినే వినియోగించుకోవాలి. చర్మానికి హెచ్‌బి, 2బిలతో పలుచని పొరలు వేసి మధ్యస్థ ఛాయను స్థిరపరచి, 4బి, 6బిలను జుట్టుకు, కనుపాపలకు, ముక్కుపుటాలకు మాత్రమే కేటాయించాలి. నుదురు, చెంప ఎముక, ముక్కు దూలం మీది వెలుగును మెత్తని రబ్బరుతో అద్ది పైకి తేవాలి. వేలితో రుద్దితే ముఖమంతా ఒకే మసి అవుతుంది.

ఛాయాచిత్రం చెప్పని విషయాన్ని తీరమే చెబుతుంది. మైపాడు ఇసుకమీద మధ్యాహ్నం నిలుచున్న మనిషి గడ్డం కింద, కనుగుంటల్లో నీడ నల్లగా ఉండదు. ఇసుక నుండి పైకి లేచిన వెలుగు ఆ నీడను పలుచన చేస్తుంది. పులికాట్ ఒడ్డున నీటివల్లనూ ఇదే జరుగుతుంది. ఈ కిందివెలుగును ఎన్నడూ గమనించనివారు పాత ముద్రణలోని నల్లని మచ్చను నీడగా పొరబడడం సహజం. నేటి మొబైలు ఫోటో మీద ఆధారపడినవారికీ ఈ చిక్కు తప్పదు: సముద్రం వెనకబడితే కెమెరా ఆకాశపు వెలుగుకు లొంగి ముఖాన్ని చీకటిచేస్తుంది, మరీ దగ్గరనుండి తీస్తే ముక్కును పెంచుతుంది. ఛాయాచిత్రాన్ని ఎదుట ఉంచుకోవడంతో పాటు అదే వెలుగులో సజీవమైన ముఖాన్ని ఒకసారైనా చూసి గీసినవారి చిత్రమే నమ్మదగినది.

చిత్రం కింద రాసే పేరు విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. థర్‌స్టన్ ఛాయాచిత్రం కింద తెగ పేరుంది, మనుషుల పేర్లు లేవు. దాని ఆధారంగా గీసిన బొమ్మ కింద ‘యానాది’ అని మాత్రమే రాస్తే ఆ లోపం మరొకసారి అచ్చవుతుంది. ఏ సంపుటంలోని ఛాయాచిత్రం, ఏ సంవత్సరపు ముద్రణ, చిత్రకారుడు ఏ ఛాయలను సవరించాడు అన్న మూడు సంగతులకు అక్కడ రెండు పంక్తులు చాలు.