అమ్మ గీసిన పిల్లలు, పక్కన పిట్టలు

మా అమ్మ బొమ్మల మీద వ్యాసం రాస్తానంటే మా తెలుగు మాస్టారు నవ్వి, "పొగడ్త అయితే వెయ్యను, విమర్శ అయితే వేస్తాను" అన్నారు. కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. అమ్మ గీసిన బొమ్మల్లో సగం పైగా నాకు నచ్చవు.

అమ్మ పిల్లల ముఖాలు గీస్తుంది. బరంపురంలో మా వీధిలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ ఎవరింట్లోనైనా పుట్టినరోజు వస్తే ఫోనులో ఫోటో పంపిస్తారు. ముఖం పెన్సిలుతో గీసి, పక్కన ఒక పిట్టను వేసి, పిట్టకు మాత్రం రంగులు అద్దుతుంది. బొమ్మకు 300 రూపాయలు. మొదట ఎవరికో అలా గీస్తే బాగుందన్నారు, ఇంక అందరూ పిట్ట కావాలనే అడుగుతున్నారు. ఆడపిల్లకు చిలుక, మగపిల్లాడికి నెమలి, ఇంట్లో ఏసీ ఉన్నవాళ్ళకు హంస.

ఈ చిలుకలూ హంసలూ ఎక్కడివో నాకు తెలుసు. తాతయ్య దాచిన పాత చందమామల అట్టల మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మలున్నాయి. ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, అంటే మనకు పొరుగువారే. అమ్మ చిన్నప్పుడు వాటి మీద పల్చటి కాగితం పెట్టి గీసి నేర్చుకుందట. పాపయ్య గారు పిట్టను వేస్తే దానికి ఆ బొమ్మలో ఏదో పని ఉంటుంది. మనిషి దానికేసి చూడటమో, అది మనిషికేసి చూడటమో ఉంటుంది. అమ్మ ఆర్డరు బొమ్మల్లో ఆ చూపు లేదు. నెమలి తోక సగం షీటు తినేస్తుంది, పిల్లాడు ఓ మూల రేషను కార్డు ఫోటోలా ఉంటాడు. పిట్ట ఎందుకండీ అంటే "అందం కోసం" అంటారు. అందం కోసమే అయితే పూలకుండీ పెట్టినా సరిపోతుంది కదా!

పిట్ట ఎంత పని చెయ్యగలదో మా డ్రాయింగు సారు చూపించిన ఒక బొమ్మలో చూశాను. స్పెయిన్ దేశపు గోయా 1787–88లో గీసిన మాన్యుయెల్ అనే చిన్న బాబు బొమ్మ అది. ఇప్పుడు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎర్ర బట్టలు వేసుకున్న బాబు చేతిలో దారం, ఆ దారానికి కట్టిన మ్యాగ్‌పై. అది కాకి జాతిదే, నలుపూ తెలుపూగా ఉంటుంది. ఒక పక్క పంజరంలో చిన్న పిట్టలు. ఇంకో పక్క పిల్లులు కాచుకుని ఉన్నాయి, కళ్ళు ఇంతలేసి చేసుకుని. బాబు వాటిని చూడటం లేదు. ఆ బాబు ఎనిమిదేళ్ళకే, 1792లో చనిపోయాడు. గీసేటప్పుడు గోయాకు అది తెలియదు. కానీ ఆయన పిల్లల్లో పెద్దవాడయ్యేదాకా బతికింది ఒక్కడే. ఆ పిల్లుల్ని ఊరికే వేశాడని నేననుకోను.

అమ్మ ఆర్డరు బొమ్మల్లో అలాంటిది ఒక్కటుంది. మా వీధి చివరింటి ఆవిడ భర్త సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు. గంజాం నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. కొడుకు బొమ్మ ఆయనకు పంపిస్తాను, చిలుక వెయ్యమని ఆవిడ అడిగింది. అమ్మ చిలుక వెయ్యలేదు. రంభ దగ్గర చిలికాలో చూసిన పెద్ద బాతును వేసింది. దాని తల వెనక రెండు నల్ల చారలుంటాయి. చలికాలానికి హిమాలయాలు దాటి వచ్చి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతుంది. బొమ్మలో అది రెక్కలు ముడుచుకుని నేల మీద ఉంది. ఇప్పుడే వచ్చిందో, వెళ్ళబోతోందో తెలియదు. ఆవిడ చాలాసేపు చూసి, డబ్బులిచ్చి, ఏమీ అనకుండా తీసుకెళ్ళింది. ఇందులోనూ లోపం ఉంది. బాతుకు ఉన్నంత ప్రాణం పిల్లాడికి లేదు. బాతును అమ్మ కళ్ళారా చూసింది, పిల్లాణ్ణి ఫోనులో చూసింది.

పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి తీరిగ్గా గీయొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. తర్వాత బెర్త్ మోరిసో గురించి విన్నాను. ఫ్రాన్సులో ఆమె, ఆమె అక్క ఎద్మా కలిసి బొమ్మలు నేర్చుకున్నారు. 1869లో పెళ్ళయ్యాక ఎద్మా కుంచె వదిలేసింది. 1872లో మోరిసో వేసిన 'ఉయ్యాల' బొమ్మలో నిద్రపోతున్న పాపను చూస్తూ కూర్చున్న తల్లి ఈ ఎద్మాయే. అందులో పిట్ట లేదు, అక్కర్లేదు కూడా. ఉయ్యాల తెర పట్టుకున్న ఆ చెయ్యి ఒకప్పుడు కుంచె పట్టిన చెయ్యి అని తెలిస్తే చాలు. మోరిసో మాత్రం మానలేదు. 1878లో కూతురు జూలీ పుట్టాక ఆ కూతురినే ఏళ్ళ తరబడి గీసింది. అయితే 1880 నాటి ఒక బొమ్మలో జూలీకి పాలిస్తున్నది తల్లి కాదు, జీతానికి పెట్టుకున్న దాది. తల్లి ఎదురుగా ఉండి ఆ ఇద్దరినీ గీసింది. గొప్ప ధైర్యం అన్నారు సారు. నాకు మాత్రం, దాది ఉంది కాబట్టి కుదిరింది అనిపించింది.

మా ఇంట్లో దాది లేదు. అమ్మకు ఖల్లికోట ఆర్టు కాలేజీలో చేరాలని ఉండేదట, ఈలోగా పెళ్ళి కుదిరింది. ఇప్పుడు రాత్రి వంటిల్లు కడిగి, తమ్ముణ్ణి పడుకోబెట్టి గీస్తుంది. వాడికి మూడేళ్ళు, రబ్బరు కనిపిస్తే నోట్లో పెట్టుకుంటాడు. ఒక నెమలి మెడ మీద వాడి బొటనవేలి ముద్ర పడింది. నెమలి బొమ్మల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఇంక నా బొమ్మ. తమ్ముడికి చిలుకను వేసిన అమ్మ, నాకు కాకిని వేసింది. నేను నల్లగా ఉంటాను. వీధిలో గుంటలు ఎలాగూ ఆ పేరే పెట్టి పిలుస్తారు. ఏడుపొచ్చింది. "నాకు కాకి ఏటమ్మా?" అంటే, "నేను రోజూ చూసే పిట్ట అదేనే" అంది. మామ్మ పక్కనుంచి "కాకి పిల్ల కాకికి ముద్దు" అంది. ఆ సామెత నాకు నచ్చదు. పిల్ల అందంగా లేదని ముందే ఒప్పేసుకుని చెప్పే మాట అది.

మొన్న గోయా బొమ్మను మళ్ళీ చూస్తే ఒకటి కనిపించింది. మ్యాగ్‌పై ముక్కున ఒక చీటీ ఉంది, దాని మీద గోయా పేరుంది. ఎక్కడైనా రాసుకోవచ్చు, ఆయన పిట్ట నోటికే ఇచ్చాడు. అప్పుడు నా బొమ్మ తీసి చూశాను. కాకి నా భుజం మీద లేదు, వంటింటి కిటికీ ఊచ మీద ఉంది. మధ్యాహ్నం మెతుకుల కోసం వచ్చే కాకి కూర్చునే చోటే అది. తల ఓరగా పెట్టి, ఒక కన్నుతో నాకేసి చూస్తోంది. మెడ దగ్గర నలుపులో నీలం మెరుస్తోంది, ఆ నీలం అమ్మ ఏ నెమలికీ పెట్టలేదు. నా ముఖం కూడా ఫోటో చూసి గీసింది కాదు. నుదుటి మీద మొటిమ ఉంది, అలిగినప్పటి కింది పెదవి ఉంది. ఇన్నాళ్ళూ ఆ కాకి నేననుకున్నాను. ఇప్పుడు అమ్మ అనుకుంటున్నాను. అడిగితే "ఏమో, నాకేం తెలుసు" అంది. బొమ్మ గురించి గీసినవాళ్ళ మాట పూర్తిగా నమ్మక్కర్లేదని మాస్టారు చెప్పారు కాబట్టి నా మాట మార్చుకోవడం లేదు.

అమ్మ బొమ్మల్లో ఇదే మంచిదని నా అభిప్రాయం. ఇదొక్కటే పూర్తి కాలేదు. కాకికి ఒక కాలే ఉంది. దసరాకి అయిపోతుందంది, ఆర్డర్లు వచ్చి పడ్డాయి. సంక్రాంతికంది, తమ్ముడికి ఆటలమ్మ పోసింది. షీటు బీరువా మీద చుట్టి ఉంది.