ఎదురుచూపుల లెక్క

ఆర్డర్ ఆలస్యమైతే మన చిన్న మెషిన్ షాపుల్లో నింద ముందుగా ఆపరేటర్ మీదే పడుతుంది. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో తిరిగే నాకు ఈ మాట విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే ఆలస్యం చాలావరకు పని దగ్గర జరగదు, పనికీ పనికీ మధ్య జరుగుతుంది.

టయోటాలో తాయిచీ ఓనో గుర్తించిన ఏడు రకాల వృథాల్లో ఎదురుచూపు ఒకటి. అది ఎక్కడుందో చూడాలంటే ముడిసరుకు నుంచి ప్యాకింగ్ దాకా ఒక జాబ్ వెంట నడిచి, ప్రతి దశనూ కాగితం మీద గీయండి. వృథాను తగ్గించే లీన్ పద్ధతిలో దీన్ని వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ అంటారు. లేత్, మిల్లింగ్, గ్రైండింగ్‌ల మీద పట్టేది నిమిషాలు. మధ్యలో ట్రేలలో పడి ఉండేది రోజులు.

అయితే మ్యాప్ చూపేది సగటు రోజును. షాపులో కరెంటు పోతుంది, టూల్ విరుగుతుంది, రెండు లోడ్ల కాస్టింగులు ఒకేసారి దిగుతాయి. ఈ హెచ్చుతగ్గులను లెక్కలోకి తెచ్చేది కంప్యూటర్ సిమ్యులేషన్, అంటే షాపు మోడల్‌ను కట్టి కంప్యూటర్‌లో నడిపి చూడటం. గ్రైండర్ మీద ఒక్కో జాబ్‌కు సగటున 10 నిమిషాలు అనుకుందాం. జాబ్‌లు వచ్చే వేళలూ, పట్టే సమయాలూ ఓ పద్ధతి లేకుండా మారుతుంటే, మెషిన్ 80 శాతం బిజీగా ఉన్నప్పుడు సగటున 40 నిమిషాలు వరుసలో ఆగాలి. 95 శాతమైతే 190 నిమిషాలు. మెషిన్ క్షణం కూడా ఖాళీగా ఉండకూడదన్న పట్టుదలే ఆర్డర్‌ను ఆలస్యం చేస్తుంది. బ్యాచ్ సగానికి తగ్గిస్తే ఏమవుతుందో, కొత్త మెషిన్ నిజంగా అవసరమో కాదో, పైసా పెట్టకముందే స్క్రీన్ మీద నడిపి చూడొచ్చు.

కానీ కంప్యూటర్‌కు మనం చెప్పిందే తెలుస్తుంది. రిజిస్టర్‌లో సెట్టింగ్ 15 నిమిషాలని రాసి ఉంటుంది. పక్కన నిలబడి అడిగితే ఆపరేటర్ అసలు సంగతి చెబుతాడు: "వీల్ డ్రెస్ చేసి, గేజ్ కోసం ఇన్‌స్పెక్షన్ రూమ్‌కి పోయి వచ్చేసరికి ముప్పావుగంట అయితది సార్." ఆ ముప్పావుగంట మోడల్‌లోకి ఎక్కకపోతే, అది ఇచ్చే జవాబులన్నీ తప్పే. గేజ్‌ను మెషిన్ దగ్గరే ఉంచడానికైతే సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు.

యువ ఇంజినీర్లకు నా విన్నపం ఇదే. ముందు ఒక షిఫ్టంతా షాపులో నిలబడండి, ఆ తర్వాత మోడల్ కట్టండి. గత నెల నిజంగా జరిగినదాన్ని అది చూపగలిగితేనే దాని సలహా వినండి. ఆపరేటర్‌ను తప్పుపట్టే ముందు, అతని మెషిన్ ముందు ఎన్ని జాబ్‌లు ఆగి ఉన్నాయో లెక్కపెట్టండి.