ఒక ప్రకటన, ఒక తీర్మానం

ఆడపిల్లల కోసం పనిచేసే సంస్థకు అధ్యక్షురాలు కావాలి. జీతం ఉండదు. ఇంగ్లండ్‌లో అయితే ఇందుకు ఒక ప్రకటన రాస్తారు. మన మండల మహిళా సమాఖ్యలో అయితే మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాస్తారు. పని ఒకటే, రాతలే వేరు. ఈ రెండు రాతలనూ పక్కపక్కన పెట్టుకుని, కవిత్వం చదివేటప్పుడు ఆగినట్టు క్రియాపదాల దగ్గర ఆగుతూ చదివాను. నేను రాస్తున్నది ఆ చదువు గురించి.

ప్రకటన అంతా "ఉండాలి" మీద నడుస్తుంది. వ్యూహం తెలిసి ఉండాలి, లెక్కలు చదవగలిగి ఉండాలి, డైరెక్టరుకు అండగా ఉంటూనే ఆమెను నిలదీయగలిగి ఉండాలి. ఏడాదికి ఎన్ని సమావేశాలు, నెలకు ఎన్ని రోజులు, పదవి ఎన్నేళ్లు, దారిఖర్చులు ఇస్తారా లేదా, అన్నీ ముందే చెబుతారు. తీర్మానం "అయింది" మీద నడుస్తుంది. ఫలానా తేదీన ఇంతమంది కూర్చున్నాం, ఫలానామె పేరు ఒకరు ప్రతిపాదించారు, ఇంకొకరు బలపరిచారు, అందరం ఒప్పుకున్నాం. కింద సంతకాలు, మధ్యలో కొన్ని వేలిముద్రలు. ప్రకటనలో గుణాలున్నాయి, మనిషి ఇంకా రాలేదు. తీర్మానంలో మనిషి ఉంది, ఆమె ఏం చేయాలో ఒక్క మాటా లేదు.

ప్రకటన ఎందుకు పుట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1855లో లండన్‌లో మొదలైన వైడబ్ల్యూసీఏ మూలాల్లో ఒకటి, క్రిమియా యుద్ధానికి వెళ్లే నర్సుల కోసం లేడీ కినెయిర్డ్ ఏర్పరచిన బస. ఊరు విడిచి పట్నానికి పనికొచ్చిన పడుచుపిల్లలకు నీడనివ్వడం ఆ సంస్థ పని అయింది. పెద్దింటి ఆడవాళ్లు పూనుకుని నడిపారు. వాళ్ల తర్వాత ఎవరన్న ప్రశ్నకు జవాబు వాళ్ల పరిచయాల్లోనే దొరికేది. ఆ సంస్థే ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్లాట్‌ఫామ్ 51 అనే పేరు దాటుకుని ఇవాళ యంగ్ విమెన్స్ ట్రస్ట్‌గా ఉంది. తెలిసినవాళ్లలోంచి తెలిసినవాళ్లను ఎంచుకునే అలవాటును తెంపడానికే బహిరంగ ప్రకటన వచ్చింది. ఆ ఉద్దేశం నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది.

కానీ అలవాటు తెగలేదు. చారిటీలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ భాగస్వామిగా 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం ఆ దేశపు ట్రస్టీల, అంటే చారిటీల బోర్డు సభ్యుల, ముఖచిత్రం గీసింది. అప్పటికి మగ ట్రస్టీలు ఆడవాళ్లకు రెట్టింపు ఉన్నారు. అధ్యక్షుల్లో 71 శాతం మగవాళ్లే. ట్రస్టీల్లో 92 శాతం తెల్లవాళ్లు. పదిమందిలో ఏడుగురు ఏ ప్రకటనా లేకుండా, పరిచయాల మీదే బోర్డుల్లోకి వచ్చారు. ప్రకటన వేసిన సంస్థలోనూ దరఖాస్తు చేయగలిగేది ఎవరు? నెలకు నాలుగైదు రోజులు జీతం లేకుండా ఇవ్వగల మనిషి. చారిటీ ట్రస్టీలు మామూలుగా ప్రతిఫలం తీసుకోకూడదన్నది అక్కడి నియమం. మంచి నియమం, దాని వెనక నమ్మకం ఉంది. అయితే అదే నియమం షిఫ్టుల మీద పనిచేసే తల్లిని, పాతికేళ్ల కేర్ వర్కరును గుమ్మం బయటే ఆపేస్తుంది. ఆ కేర్ వర్కరు కోసమే కదా ఆ సంస్థ పుట్టింది!

మన వైపు కథ మరో చోట మొదలవుతుంది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్ల ఉద్యమానికి దూబగుంట రోశమ్మ ముఖమైంది. ఆమెను ఎవరూ ఇంటర్వ్యూ చేసి ఎంచుకోలేదు. ఆ ఊపులోంచే పొదుపు సంఘాలు బలపడ్డాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వాటి సమాఖ్యలకు చట్టపు నీడ ఇచ్చింది, 2000లో పేదరికం తగ్గించే వెలుగు ప్రాజెక్టు వచ్చింది. పది పదిహేనుమంది ఒక సంఘం, సంఘాల లీడర్లు కలిస్తే గ్రామ సమాఖ్య, గ్రామ సమాఖ్యల నుంచి మండల సమాఖ్య. ఆ మెట్లన్నీ ఎక్కి అధ్యక్షురాలైన మనిషికి అప్పు తీర్చలేని ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. లెక్క చూడడం ఆమె శిక్షణలో నేర్చుకుంటుంది, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చోవడం అలవాటు చేసుకుంటుంది. బతుకు ముందు తెలిసి, నైపుణ్యం తర్వాత వచ్చింది. ప్రకటన ఈ వరసను తలకిందులు చేస్తుంది. నైపుణ్యం ముందు అడిగి, బతుకు సంగతి "తెలిసి ఉంటే మేలు" అనే కింది వరసలో పెడుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మొహమాటం లేకుండా సమాఖ్య పక్షం. బ్యాలెన్స్ షీటు చదవడం ఆరు నెలల్లో నేర్పవచ్చు. పదిహేడేళ్ల పిల్ల ఎందుకు ఒక్కసారిగా మాట్లాడడం మానేసిందో పసిగట్టడం ఏ శిక్షణలో నేర్పుతారు?

అంతమాత్రాన తీర్మానాన్ని గుడ్డిగా మెచ్చుకోలేను. ఆ మినిట్స్ పుస్తకంలో అక్షరాలు చాలాచోట్ల అధ్యక్షురాలివి కావు, గ్రామ సమాఖ్యకు సహాయకురాలైన వీవోఏవి. పేరు ప్రతిపాదించకముందే ప్రాజెక్టు సిబ్బంది, సీసీ గారు, ఏపీఎం గారు, ఎవరైతే బాగుంటుందో చెప్పేసి ఉంటారు. పదవుల్లో ఉన్న ఓబీలు మారాలన్న నియమం ఉన్నా, మారిన పేరు వెనక పాత మనిషే తిరుగుతూ ఉంటుంది. కొన్ని ఊళ్లలో ఆమె వెనక ఆమె భర్త. అంతకన్నా పెద్ద లోటు ఒకటుంది. ఇంటికొకరు చొప్పున చేరే సంఘంలో ఆ ఒక్కరు తల్లో, అత్తో, కోడలో అవుతారు. పెళ్లికాని పిల్ల సాధారణంగా సంఘం కూర్చునే చాప మీదికి రాదు. కాలేజీ మానిపించిన పిల్ల, పెళ్లి ఖాయం చేసిన పిల్ల, బట్టల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి పనిచేసే పిల్ల గురించి ఆ చాప మీద మాట్లాడేది వాళ్ల అమ్మలే. ప్రకటన చూసి వచ్చిన పెద్దమనిషి ఆ పిల్లకు ఎంత దూరమో, కొన్నిసార్లు తల్లీ అంతే దూరం.

ఇక ఈ కుర్చీకి అసలైన పని. చట్టం దృష్టిలో ఇంగ్లండ్ ట్రస్టీలందరి బాధ్యతా ఒకటే. నిబంధనావళి ఇస్తే తప్ప చైర్‌కు ప్రత్యేకాధికారం లేదు. మరి ఆ కుర్చీ ఎందుకు? సంస్థను నడిపే మనిషికి, అందులోనూ సంస్థను పుట్టించిన మనిషికి, ఒక రోజు "వద్దు" అని చెప్పడానికి. లండన్‌లోని కిడ్స్ కంపెనీ నిరుపేద పిల్లల కోసం పనిచేసేది. వ్యవస్థాపకురాలు కామిలా బాట్మంగెలిజ్ ఆకర్షణ చాలా పెద్దది. ప్రభుత్వాలే నిధులిచ్చాయి. బీబీసీలో పెద్ద పదవిలో ఉన్న అలన్ యెంటబ్ 2003 నుంచి సంస్థ మూతపడేదాకా బోర్డు అధ్యక్షుడు. 2015 ఆగస్టులో సంస్థ కుప్పకూలింది. పార్లమెంటు కమిటీ ట్రస్టీలను తీవ్రంగా తప్పుబట్టింది. 2021లో హైకోర్టు మాత్రం వాళ్లను అనర్హులుగా ప్రకటించడానికి నిరాకరించింది. ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు. ఒకే మనిషి పన్నెండేళ్లు అధ్యక్షుడిగా ఉండడం నన్ను ఆలోచింపజేసింది. అంతకాలం పక్కన కూర్చున్నాక అభిమానం ప్రశ్నను మింగేస్తుంది. తొమ్మిదేళ్లు దాటిన ట్రస్టీ కొనసాగాలంటే గట్టిగా సమీక్షించాలని 2017 నాటి చారిటీ గవర్నెన్స్ కోడ్ చెప్పింది. మన సంస్థల నిబంధనావళుల్లో ఈ ఒక్క వాక్యమైనా దిగుమతి చేసుకోవాలని నా కోరిక.

మన సంస్థలు అన్నాను కాబట్టి నేను చూసిన ఒక సంస్థ సంగతి చెప్పాలి. పేరు అనవసరం. ఒక జిల్లా కేంద్రంలో చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు హాస్టలు నడిపే సంస్థ, నాలుగేళ్లు దాని కమిటీలో ఉన్నాను. అధ్యక్షుడు రిటైరైన అధికారి, నిజాయితీపరుడు. ఏడాదికి రెండుసార్లు వచ్చి, పూలదండ వేయించుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టేవారు. ప్రకటన లేదు, తీర్మానం పేరుకే. లెటర్‌హెడ్ మీద ఆయన పేరుంటే కలెక్టరాఫీసులో పని తేలికవుతుందని తెచ్చుకున్నారు. నేనూ సరేనన్నాను. ఒక ఏడాది పిల్లల భోజనం డబ్బు కొత్త భవనం పునాదుల్లోకి పోయింది. ఆడిట్ రిపోర్టు వచ్చాక గాని కమిటీకి తెలియలేదు. పిల్లలకు ఎనిమిది నెలల ముందే తెలుసు, ఆదివారం గుడ్డు ఆగిపోయిన రోజునే. వాళ్లు ఎవరికి చెప్పాలి? అధ్యక్షుడి పేరు వాళ్లకు గోడమీది బోర్డులో తప్ప తెలియదు. ఆ ఎనిమిది నెలలు నేనూ కమిటీలోనే ఉన్నానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ హాస్టలు గుర్తొచ్చినప్పుడల్లా దుర్గాబాయి దేశ్‌ముఖ్ జ్ఞాపకం వస్తారు. ఎనిమిదేళ్లకు పెళ్లి చేస్తే పెద్దయ్యాక ఆ పెళ్లిని కాదనుకున్న మనిషి. కాకినాడలో చిన్న వయసులోనే ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి పెట్టారు. మద్రాసులో బెనారస్ మెట్రిక్ పరీక్షకు ఆడపిల్లలను తయారుచేస్తూ, 1937లో ఆంధ్ర మహిళా సభకు రూపమిచ్చారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు. పెద్దయ్యాక చదువు అందుకోవాలనుకునే స్త్రీల కోసం ఆ మండలి 1958లో సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. ఆ కోర్సు ఎవరికి కావాలో ఆమెకు పత్రాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. ప్రకటన కోరే సమర్థత, తీర్మానం చూపే అనుభవం ఆమెలో ఒక్కచోట కలిశాయి. అలాంటి మనిషి కోసం ఎదురుచూడమని నేను చెప్పడం లేదు. రెండూ ఒకే మనిషిలో దొరకనప్పుడు ఎంపిక పద్ధతిలోనైనా రెండింటికీ చోటుండాలని అంటున్నాను.

ఇంగ్లండ్ చట్టంలో అందుకొక సందు ఉంది. కంపెనీగానో, చారిటబుల్ ఇన్‌కార్పొరేటెడ్ ఆర్గనైజేషన్‌గానో ఏర్పడిన చారిటీకి పదహారేళ్లకే ట్రస్టీ కావచ్చు. కొన్ని సంస్థలు బోర్డులో యువతులకు కుర్చీలు కేటాయిస్తున్నాయి, అధ్యక్షురాలి ఇంటర్వ్యూలో వాళ్లను ప్రశ్నలు అడగనిస్తున్నాయి. నేను చూసిన మంచి మార్పు ఇదే. మన సమాఖ్యలకూ, హాస్టళ్లు నడిపే సంస్థలకూ ఇది అసాధ్యమేమీ కాదు. పదవీకాలం రాసిపెట్టండి, దారిఖర్చుతో పాటు పోయిన రోజుకూలీ కూడా ఇవ్వండి, పేరును అధికారి కాకుండా సభ్యులే ప్రతిపాదించేలా చూడండి. ఇవన్నీ కాగితం మీద చేయగలిగినవే.

అయితే ఆ ఇంటర్వ్యూ గదిలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టడం కాగితం పని కాదు. ఆ హాస్టలు పిల్లల్లో ఒకమ్మాయి ఇప్పుడు నర్సు, ఈమధ్య కలిసింది. కొత్త అధ్యక్షురాలిని ఎంచుకునే పని నీకిస్తే ఆమెను ఏమడుగుతావని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"గుడ్డు ఆగిపోతే మీకెట్లా తెలుస్తుంది మేడమ్ అని అడుగుతా."