పొగుడుతూనే పొడిచే గోదారి నవ్వు

కడియం నర్సరీలో బేరం కుదరక ఎవరైనా వెనక్కి తిరిగితే, "అలాగేనండి, తమరిలాంటి పెద్దోరు పట్టుకెళ్లాల్సిన మొక్క కాదులెండి ఇది" అన్న మాట వీపుకి తగులుతుంది. అందులో 'అండి' ఉంది, 'తమరు' ఉంది, మర్యాదకి ఏ లోటూ లేదు. వెళ్లేవాడికి మాత్రం ఇల్లు చేరేదాకా గుచ్చుకుంటూనే ఉంటుంది. అలంకారశాస్త్రంలో దీన్ని వ్యాజస్తుతి కింద చెబుతారు. గోదావరి జిల్లాల్లో వెటకారం అంటే సరిపోతుంది. ఊరితో పొసగని మనిషి కథ చెప్పాల్సి వచ్చినప్పుడు ఇక్కడి నవలాకారులు ఈ పనిముట్టునే చేతపట్టారు.

పొరుగునే ఉన్న రాజమండ్రిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) రాసిన 'గణపతి' అందుకు మంచి ఉదాహరణ. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగులో వినిపించింది ఈ చిలకమర్తే. అంతటి గంభీరమైన గొంతును ఆయన ఈ నవలలో ఒక కొరగాని కుర్రాడి కోసం ఖర్చుపెట్టారు. రాజవంశాల చరిత్ర చెప్పే ఫక్కీలో తాత పప్పయ్య, తండ్రి గంగాధరుడు, ఆ తర్వాత గణపతి అంటూ మూడు తరాల కథ నడుస్తుంది. భాష నిండు గ్రాంథికం. విషయమేమో గడవని ఇల్లు, అబ్బని చదువు, ఎవరికీ లొంగని మొండితనం. మాటల ఎత్తుకీ బతుకు లోతుకీ మధ్య ఉన్న ఆ ఎడంలోంచే నవ్వు పుడుతుంది.

చదువు అబ్బని గణపతి చివరికి వీధిబడి పంతులవుతాడు. అక్కడ నవ్వు చేదెక్కుతుంది. వాడు పనికిరానివాడని తేల్చిన ఊరే పిల్లల్ని తెచ్చి వాడి చేతిలో పెట్టింది మరి! అంతవరకూ గణపతి మీదున్న వెటకారం చల్లగా ఊరి పెద్దల మీదికి మళ్లుతుంది.

మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగంతో ఇంకో దారి తొక్కారు. సముద్రం దాటితే కులం చెడుతుందన్న భయం ఇంకా వదలని కాలమది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పాపెట్టకుండా సీమకి బయల్దేరతాడు. నిడదవోలు దాకా కాలవలో పడవ ప్రయాణం, అక్కడినుంచి రైలు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొని, దర్జాగా నెత్తిన పెట్టుకుంటాడు. చూసినవాళ్లంతా నవ్వుతుంటారు. ఎందుకో అతనికి అంతుపట్టదు.

ఈ కథంతా పార్వతీశం నోటే వింటాం. కిటుకు అక్కడే ఉంది. అతను నవ్వించాలని చూడడు, తన ధోరణిలో పూసగుచ్చినట్టు చెప్పుకుపోతాడు. ఇదే సంగతి పక్కవాడు చెబితే ఎగతాళి అయ్యేది. అతనే చెప్పడంతో అమాయకత్వంతో పాటు తెగువ కూడా కనిపిస్తుంది. ఎంత నవ్వినా అతన్ని చులకన చేయలేం.

ఈ నవ్వు వెనక నిప్పు లేకపోలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, దానికి వెళ్లినవాళ్లను వెలివేశారు. తప్పని ముఖమ్మీద చెబితే ఊరు తలుపులేసుకుంటుంది. నవ్విస్తే అరుగు మీద చోటిచ్చి, ఇంకోసారి చెప్పమంటుంది. ప్రహసనాలు రాసిన వీరేశలింగానికీ ఆ సంగతి తెలుసు.

అయితే ఆకారాన్నీ లేమినీ చూపించి నవ్వించిన చోట్ల ఈనాటి పాఠకుడికి 'గణపతి' ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బందిని దాచి మెచ్చుకోనక్కర్లేదు. లేనివాడి ఒంటి మీద ఆగిపోయిన వెటకారం వట్టి మోటు. వాడిని దాటి, వాడికి పేరు పెట్టినవాళ్ల దాకా వెళ్లిందా, అది సాహిత్యం. ఈ రెండు నవలల్నీ నేటికీ చదివిస్తున్నది ఆ రెండో రకం వెటకారమే.