గనికొల్లూరు - నామవిమర్శము

కృష్ణకు దక్షిణపుటొడ్డున, బెల్లముకొండ ప్రాంతమునఁ గల కొల్లూరు ఒకకాలమున వజ్రములకు లోకప్రసిద్ధి గన్నది. పదునేడవ శతాబ్ది నడుమ దానిని దర్శించిన పరాసువర్తకుఁడు తావెర్నియే 1676 లో ప్రకటించిన యాత్రాగ్రంథమున దానికి రెండుపేళ్లు చెప్పినాఁడు: దేశభాషలో 'గని' యనియు, పారసీకమునఁ 'గొల్లూరు' అనియు. ఆ గ్రంథమును 1889 లో నాంగ్లీకరించిన వాలెంటైన్ బాల్ ఈ వాక్యమును దిద్దఁబూని, 'గని' పారసీక 'కాన్' శబ్దమే యని వ్యాఖ్యానించెను. మఱపునఁబడిన తావును గుఱుతించిన బాల్ పరిశ్రమ శ్లాఘనీయమే. శబ్దవిషయమున మాత్రము మూలకారునికంటె వ్యాఖ్యాతయే యెక్కువ పొరపడెను. 2013 లోఁ బ్రారంభింపఁబడిన పులిచింతల జలాశయమునఁ గొల్లూరు మునిఁగినది గాన గోతుల సాక్ష్య మిఁక దొరకదు. ఉన్న సాక్ష్యము శబ్దమే.

'గని' సంస్కృత 'ఖని'కిఁ దద్భవము. ఆదివర్ణము మహాప్రాణత విడుచుటయే కాక సరళమగుటకు 'ఖర్జూ' వలనఁ బుట్టిన 'గజ్జి' తోడు. 'కాన్' శబ్దము దీర్ఘాదికము. పారసీకమునుండి వచ్చిన కాగితము, కార్ఖానా యనునవి కకారమును విడువలేదు, దీర్ఘమును విడువలేదు. ఇది యొక్కటియే రెంటిని గోలుపోయె ననుటకుఁ బ్రమాణము వలయును. త్రవ్వుట యర్థముగాఁ గల ప్రాచీనధాతు వొక్కటియే యీ రెండుభాషలలో నుండుటయే భ్రమకుఁ గారణము. ఇఁకఁ గొల్లూరు పారసీకమన్న తావెర్నియే మాట! తుది 'ఊరు'ను బడిపిల్లవాఁడైనఁ బోల్చుకొనఁగలఁడు. దుబాసి చెప్పినది తాఱుమాఱైనది కాఁబోలు.

మైలవరమునకు నైరృతిదిక్కున, పరిటాలచెంత, గనిఆత్కూరు కలదు. అదియు వజ్రభూమియే. ఉత్తరసర్కారు లాంగ్లేయుల వశమైనను నైజాము పరిటాలప్రాంతపు గ్రామములను విడువలేదు. గన్నవరమువైపున వేఱొక ఆత్కూరుండుటచే నిచ్చట 'గని' వ్యావర్తకవిశేషణము. తెనాలివైపున మఱియొక కొల్లూరును గలదు. కాఁబట్టి 'గనికొల్లూరు' అన్నను నిట్టి వ్యవహారమే. అందుఁ బారసీకసమాసము వెదకఁ బనిలేదు.

తావెర్నియే వినిన మాట యెవ్వరిది? గనిలోఁ బనిచేయువారు సుమా రఱువదివేలని యాతఁడు వ్రాసెను. ఆ లెక్క యంచనాయే. మగవారు త్రవ్వుదురు, ఆఁడువారును బిల్లలును మన్ను మోయుదు రన్నది మాత్రము కన్నులఁ జూచినవాని మాట. నూఱేండ్లకు ముందొక పేదవాఁడు చిఱుధాన్యము విత్తుటకై నేలఁ ద్రవ్వఁగా 25 కారట్ల కొనగల రాయి దొరికె నన్న కథయు వారినుండి వచ్చినదే యగును. ఆ ధాన్యము జొన్నయో సజ్జయో గ్రంథమునుబట్టి తేలదు.

గోతుల లోఁతు 10 మొదలు 14 అడుగులు. ఊట తగిలినంతట నాఁపుదురు. 1687 లో గోలకొండ మొగలాయిల వశమయ్యెను. 1720 తరువాత బ్రెజిలు వజ్రము లంగళ్లకు వచ్చెను. పిదపఁ గొల్లూరు క్షీణించి, ఐరోపాపండితులు దాని తావే మఱచిరి. బాల్ వెదకి పట్టుకొనవలసి వచ్చెను.