మూడు గళ్ళ కూలీ: 'సివిలైజేషన్' ఆటలో కులం

నవలని, సినిమాని, పాఠ్యపుస్తకాన్ని కుల దృష్టితో చీల్చి చూశాం. కంప్యూటర్ ఆట దగ్గరికొచ్చేసరికి మాత్రం అది పనిలేని కుర్రాళ్ళ వ్యవహారమని పక్కన పెట్టేశాం. చరిత్రని వస్తువుగా తీసుకున్న ఆటని అలా వదిలేయడం కుదరదు. ఫిరాక్సిస్ కంపెనీ తయారుచేయగా 2005లో విడుదలైన 'సివిలైజేషన్ 4' అలాంటిది. సిడ్ మెయర్ 1991లో మొదలుపెట్టిన వరసలో ఇది నాలుగోది. క్రీ.పూ. 4000 నుంచి మన కాలం దాకా మానవ చరిత్రని టర్ను తర్వాత టర్నుగా ఆడించే ఆట. కొత్తవాళ్ళకి కొరుకుడు పడదు. పైగా తెలుగులో లేదు. అయినా మొదటి గంటలో అది ఏం నేర్పుతుందో చూడాలి. ఎందుకంటే అక్కడ అలవాటైన లెక్కతోనే చివరిదాకా ఆడతాం.

మొదట మన చేతిలో ఉండేవి రెండే. ఒక సెట్లరు, పక్కన ఒక యోధుడో వేగువాడో. మంచినీళ్ళు, తిండి దొరికే చోట సెట్లరుని ఆపి నగరం కట్టాలి. గోదావరి పాయల మధ్య బతికేవాళ్ళకి ఈ పాఠం వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత? అనుభవం ఉన్న ఆటగాళ్ళు చాలామంది చెప్పే సలహా ఒకటే: ముందు ఒక వర్కర్ని తయారు చెయ్యి. పొలం వేయాలన్నా, గని తవ్వాలన్నా, రోడ్డు పరవాలన్నా ఆ కూలీయే దిక్కు. కూలీ లేకపోతే రాజ్యం ఎదగదని కాసేపట్లోనే తెలిసొస్తుంది. ఈపాటి నిజాయితీ మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడుంది?

ఇందులో ఒక్కో దేశానికీ ఒక ప్రత్యేకమైన పావు ఉంటుంది. రోముకి ప్రిటోరియన్ సైనికుడు, ఇంగ్లండుకి రెడ్‌కోటు సిపాయి. మరి భారతదేశానికి? 'ఫాస్ట్ వర్కర్'. అంటే చురుకైన కూలీ. మిగతా దేశాల కూలీలు టర్నుకి రెండు గళ్ళు నడిస్తే మనవాడు మూడు గళ్ళు నడుస్తాడు. (మూడడుగులు వేసింది వామనుడని చెప్పుకుంటున్నారు గాని, అసలు నడిచింది ఎవరో ఈ ఆటకి తెలిసినట్టుంది.) కొబ్బరి దింపు, ఒలుపు, వరి కోత చేసే చేతులే ఈ దేశపు బలమని అమెరికా కంపెనీ ఒప్పుకుందని సంతోషించవచ్చు. కానీ ఆ కూలీకి ఊళ్ళో చోటెక్కడ? అతను జనాభా లెక్కలోకి రాడు. నోరు లేదు, కోపం రాదు, జీవితమంతా ఊరి బయటే. పేటని ఇంత కచ్చితంగా గీసి, దానికి పేరు మాత్రం పెట్టలేదు.

ఇక అసలు సంగతి. కంచు పని తెలిశాక 'బానిసత్వం' ఎంచుకోవచ్చు. మామూలు వేగంతో ఆడితే ఒక మనిషిని జనాభాలోంచి తీసేస్తే 30 సుత్తుల పని పూర్తవుతుంది. జనం కోపం పది టర్నులు ఉండి పోతుంది. ఆట మొదట్లో టర్నంటే 40 ఏళ్ళు కాబట్టి, దెబ్బ మరవడానికి 400 ఏళ్ళు! కారంచేడు (1985), చుండూరు (1991) ఇంకా మరిచిపోలేదా అని అడిగే పెద్దమనుషులకంటే ఈ యంత్రమే నయం.

ఇంకాస్త ముందుకెళ్ళి 'కోడ్ ఆఫ్ లాస్', అంటే ధర్మశాస్త్రం నేర్చుకుంటే, 'కాస్ట్ సిస్టమ్' వస్తుంది. స్మృతి రాయగానే కులం వస్తుంది. ఇంతవరకు సరిగ్గానే పట్టుకున్నారు. దాని ఫలితం చూడండి: పండితులు, కళాకారులు, వర్తకులు ఎంతమందైనా ఉండవచ్చు, పరిమితి లేదు! కులం లేని రాజ్యంలో గ్రంథాలయం కట్టాకే ఇద్దరు పండితులకి చోటొస్తుంది. కులం పెడితే ఆ గ్రంథాలయం కూడా అక్కర్లేదు. పొలంలో ఉన్నవాణ్ణి ఒక్క క్లిక్కుతో పండితుణ్ణి చేయవచ్చు.

కులం ఏ తలుపు మూసిందో సరిగ్గా ఆ తలుపే తెరిచిందని చెప్పడం ఇది. కోనసీమలో మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం ఎందుకు రాయాల్సి వచ్చింది? పొలం నుంచి బడికి ఆ ఒక్క క్లిక్కు దూరం ఎంతో ఆయనకి తెలుసు కనక. కులం అంటే పని విభజన, తరతరాలుగా నైపుణ్యం పోగుపడుతుంది అన్న పాత అగ్రవర్ణ వాదమే ఇక్కడ అంకెల వేషం వేసుకుని వచ్చింది. అది పనిని కాదు, పనివాళ్ళనే మెట్లు మెట్లుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే తేల్చాడు. ఆట తయారుచేసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. కులాన్ని పైనుంచి, రాజు కుర్చీలోంచి చూస్తే ఇలాగే కనపడుతుంది. మన పులి-మేక ఆటలో మేకల వైపు కూర్చునీ ఆడవచ్చు. ఇక్కడ కూర్చోవడానికి ఉన్నది ఒకే కుర్చీ.

చాలామంది రాజులు ఇలాంటి వ్యవస్థ మార్చినప్పుడు కొన్ని టర్నులు అరాచకం భరించాలి. ఇందులో భారతదేశపు నాయకులు గాంధీ, అశోకుడు ఇద్దరూ 'స్పిరిచ్యువల్'. ఆధ్యాత్మిక దేశం కాబట్టి వ్యవస్థ మారినా అరాచకం రాదట! 2022 మే 24న అమలాపురంలో ఉన్నవాళ్ళని అడగండి. వ్యవస్థ కూడా కాదు, జిల్లాకి అంబేడ్కర్ పేరు కలుపుతామన్నందుకే మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. ఆటలో ఊరి పేరు మార్చడానికి నాలుగు అక్షరాలు కొడితే చాలు.

మామిడికుదురు మండలంలోనే పేరుకే నగరం అయిన ఊరు ఒకటుంది. 2014 జూన్ 27న అక్కడ గెయిల్ గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆటలో చమురు బావి తవ్వి రోడ్డు కలిపితే రాజ్యానికి లాభమే రాస్తారు. బావి పక్కన ఎవరున్నారన్న గడి అందులో లేదు.

చివర్లో 'ఇమాన్సిపేషన్', అంటే విముక్తి వస్తుంది. ఎలా? ముందు డెమోక్రసీ అనే విద్య నేర్వాలి. పక్క దేశాలు విముక్తి ఇస్తే వాళ్ళని చూసి మన జనం గొణుగుతారు. లోపలివాళ్ళు తమంతట తాము లేవడం ఆటకి తెలీదు. 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో ఆది ఆంధ్రులు సభ పెట్టుకున్నది ఏ పక్క రాజ్యాన్ని చూసి?

ఆడొద్దని చెప్పను. ఆడాలి, భారతదేశాన్నే ఎంచుకుని ఆడాలి. పైగా దీని నియమాలు మామూలు టెక్స్టు ఫైళ్ళలో ఉన్నాయి, ఎవరైనా తెరిచి మార్చవచ్చు. కుల వ్యవస్థ రాసిన చోట పండితుడికి ఎదురుగా 1 ఉంటుంది, దాన్ని 0 చేయండి. 'స్పిరిచ్యువల్' లక్షణం వేరే ఫైల్లో ఉంటుంది, అక్కడ అరాచకాన్ని ఆపే అంకెని కూడా మార్చేయండి. కంప్యూటర్ తెలిసిన ఇద్దరు విద్యార్థులకి ఒక మధ్యాహ్నం పని. తర్వాత అదే దేశంతో, అదే మూడు గళ్ళ కూలీతో మళ్ళీ మొదలుపెట్టి, రెండు ఆటల్లో విజ్ఞానం లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి.