విమానాల పుస్తకాలు – ఒక పరిశీలన

చెరకు తోటల మీదుగా ప్లేజాన్స్ విమానాశ్రయానికి దిగే విమానాన్ని చూసి మన యిళ్ళలో పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే: అంత బరువు గాలిలో ఎలా నిలుస్తుంది? ఆ ప్రశ్న వాళ్ళు క్రియోలులో అడుగుతారు. జవాబు ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో చదువుకొంటారు. తెలుగులో అడిగితే చేతికి అందివ్వడానికి మన యింటి బీరువాలో పుస్తకం లేదు. ఈ లోటును మనసులో పెట్టుకొనే, విమానాలను, రాకెట్లను గూర్చి పేరు పొందిన మూడు గ్రంథాలను చదువరుల ముందు వుంచుతున్నాము.

మొదటిది లెక్కల గ్రంథం. దాని పేరు 'జేన్స్ ఆల్ ది వరల్డ్స్ ఎయిర్‌క్రాఫ్ట్'. ఫ్రెడ్ జేన్ అనే ఆంగ్లేయుడు 1898లో ప్రపంచ దేశాల యుద్ధనౌకల వివరాలన్నీ ఒకచోట కూర్చాడు. 1909లో అదే పద్ధతిలో ఆకాశయానాల గ్రంథం మొదలుపెట్టాడు. రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న ఆనాటి మొదటి ప్రయత్నంలో 12 సెకన్లపాటు 120 అడుగులు ఎగిరి అప్పటికి ఆరేళ్ళే. నాటినుండి ఎన్ని విమానాలు వచ్చాయో, అన్నింటి వివరాలకూ లోకం చూసే గ్రంథం యిదే అయింది. తయారు చేసినవారెవరు, రెక్కల వెడల్పు ఎంత, పొడవెంత, ఖాళీ బరువెంత, ఇంజను ఏది, వేగమెంత – యింతే. పొగడ్త లేదు, తెగడ్త లేదు. ఒక యంత్రాన్ని మరొక యంత్రంతో సరిపోల్చదలచినవారికి యింతకంటే నమ్మకమైన దారి లేదు.

అయితే ఆ పుటలు తిప్పుతుంటే మాకు వేరొక గ్రంథం గుర్తుకు వచ్చింది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన వలసకూలీల రిజిస్టర్లు మనలో కొందరు చూసే వుంటారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, ఊరు, ఓడ పేరు. ఆ ఒక్క వరుస లేకపోతే మన ముత్తాత ఏ ఊరివాడో మనకు తెలియదు. కాని అతడు ఎందుకు ఓడ ఎక్కాడో, రేవులో ఎవరు నిలబడి ఏడ్చారో ఆ వరుస చెప్పదు. జేన్స్ గ్రంథమూ అంతే. అందులో యంత్రం కొలతలు వున్నవి; దాన్ని నడిపినవాడు, బోల్టు బిగించినవాడు లేరు. ఇది గ్రంథకర్త తప్పని మేము అనము. రిజిస్టరును కథ చెప్పమని అడగడం న్యాయం కాదు. రిజిస్టరుతోనే చదువు ముగిసిందనుకోవడం మాత్రం మన పొరపాటు.

రెండవది కథ. అబ్దుల్ కలాంగారు అరుణ్ తివారీతో కలిసి రాసిన 'వింగ్స్ ఆఫ్ ఫైర్' 1999లో వెలువడింది. వాడ్రేవు చినవీరభద్రుడుగారు దాన్ని 'ఒక విజేత ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు. యస్.ఎల్.వి.–3 రాకెట్టును లెక్కల గ్రంథంలో చూస్తే నాలుగు దశలు, 22 మీటర్ల ఎత్తు, సుమారు 17 టన్నుల బరువు అని వుంటుంది. ఈ పుస్తకంలో అదే రాకెట్టు 1979 ఆగస్టు 10న తెలుగు నేలమీది శ్రీహరికోట నుండి లేచి, 317 సెకన్లకు సముద్రంలో కూలుతుంది. ఆ వైఫల్యాన్ని కలాంగారు దాచలేదు. తన బాధ్యత అని ఒప్పుకొన్నారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈ విజయానికి విలువ ఆ ఓటమి పుటల వల్లనే వచ్చింది. రామేశ్వరం యాత్రికుల కోసం తండ్రి పడవ కట్టడం, తుఫాను దాన్ని ఎత్తుకుపోవడం చదివినప్పుడు, ఓడమీద వచ్చినవారి బిడ్డలమైన మనకు ఆ పడవ పరాయిది అనిపించదు.

లోటు లేదా? వున్నది. సంస్థల పేర్లు, పథకాల పొట్టి పేర్లు ఒకదానిపై ఒకటి వచ్చి పడి కొత్త చదువరిని తికమక పెడతాయి. రాకెట్టు అసలు ఎందుకు పైకి లేస్తుందో తెలియని పిల్లవాడు చివరి పుట చదివాక కూడా ఆ ప్రశ్నతోనే మిగులుతాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే తీరు మూడవ గ్రంథంలో వున్నది. వుల్ఫ్‌గాంగ్ లాంగెవిషె 1944లో రాసిన 'స్టిక్ అండ్ రడర్' విమానం నడపడం నేర్చుకొనేవారి కోసం పుట్టింది. సూత్రాలతో బెదిరించదు. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. ఆ గాలికి రెక్క ఎంత వాలుగా ఎదురవుతుందన్నదే అసలు కీలకం అంటాడు. ఆ వాలు మితిమీరితే గాలి రెక్క వీపును అంటిపెట్టుకోలేక విడిపోతుంది, విమానాన్ని మోసే బలం పడిపోతుంది. ఇందులో జెట్ విమానాలు లేవు; ఆనాటి చిన్న విమానాలే వున్నవి. అయినా మాట పాతబడలేదు.

దీని పక్కన పెట్టి చూస్తే కొన్ని పిల్లల పుస్తకాల బండారం బయటపడుతుంది. రెక్క పైభాగం వంపుగా వుండడం వల్ల పైగాలి ఎక్కువ దూరం పోవాలనీ, కిందిగాలిని వెనుక అంచువద్ద కలుసుకోవడానికి అది పరుగెడుతుందనీ అవి రాస్తాయి. రెండు గాలులకూ అటువంటి ఒప్పందమేమీ లేదు. పైగాలి ముందే వెళ్ళిపోతుంది. ఆ పుస్తకాల మాటే నిజమైతే తలకిందులుగా విమానాలు ఎగరకూడదు. వంపే లేని కాగితపు విమానం మన వరండాలో తేలకూడదు. కనుక పిల్లలకు పుస్తకం కొనేముందు రెక్కను గూర్చిన పుట తీసి చదవండి. బొమ్మల నిగనిగ తరువాత చూడవచ్చు.

మన తెలుగు తరగతుల గురువులకు, యువకులకు మా మనవి యిది. లెక్క తప్పకుండా, మనిషి కనబడేలా, రెక్క కథ సరిగా చెప్పే ముప్పై పుటల చిన్న పుస్తకం మనకు కావాలి. దానికి నోరు తిరగని కొత్త సమాసాలు అక్కరలేదు. విమానం, రెక్క, తోక, గాలి, వాలు – యీ మాటలు మన అవ్వలు ఓడలో వెంట తెచ్చుకొన్నవే. బస్సు కిటికీ దగ్గర అరచేతిని కాస్త వాల్చి గాలికి పట్టిన పిల్లవాడికి సగం పాఠం అప్పుడే వచ్చేసింది; మిగతా సగం మనం చెప్పాలి.

రామభజనలో, ఉగాదిలో, అమ్మోరు పండుగలో మన భాష చల్లగా వున్నది, సంతోషమే. కాని పిల్లవాడు ఆకాశంవైపు వేలు చూపి అడిగినప్పుడు జవాబు చెప్పని భాషను, వాడు పెద్దయ్యాక పండుగనాడు మాత్రమే పలకరిస్తాడు.